ఫార్సీలో ‘ఎన్ని’, ‘ఎంత’ ఎలా అడగాలి?

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో ఉద్యోగం చేస్తూ, అక్కడే పరిచయమైన ఇరాన్ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. మా వియ్యాలవారు షీరాజ్‌లో ఉంటారు. వాళ్ళకు ఇంగ్లీషు రాదు, అందుకని ఇంగ్లీషులో ఉన్న పాఠాలు పెట్టుకుని కొంతకాలంగా ఫార్సీ నేర్చుకుంటున్నాను. సంక్రాంతికి వాళ్ళు మా ఇంటికి వస్తున్నారు. అంకెలు బాగానే వచ్చాయి కానీ, ఎన్ని, ఎంత అని అడగాల్సి వచ్చేసరికి తప్పు మీద తప్పు. ‘చంద్ ఆబ్?’ అంటే మా కోడలు ‘చెఘద్ర్ ఆబ్ అనాలి అత్తయ్యా’ అంది. ముగ్గురు పిల్లలు అనడానికి ‘సె బచ్చెహా’ అంటే ‘సె తా బచ్చె’ అని సరిదిద్దింది. కారణం అడిగితే ‘మేమలాగే అంటాం’ అంటుంది. ఈ ‘తా’ ఏమిటి? భోజనాల దగ్గర ఎంత వడ్డించాలో ఎలా అడగాలి? వాళ్ళను మంగళగిరి చీరల కొట్టుకు తీసుకెళ్తే ధరలు ఎలా చెప్పాలి? తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: అమ్మా, మీ కోడలు చెప్పినవి రెండూ సరైనవే. తను పుట్టినప్పటినుంచీ మాట్లాడుతున్న భాషకు కారణాలు చెప్పలేకపోవడం మామూలే. మనల్ని ఎవరైనా ‘ముగ్గురు ఆవులు అని ఎందుకు అనరు?’ అని అడిగితే మనమూ అంతే కదా.

ముందుగా ఒక సలహా. ఈ ఒక్క విషయంలో మీ ఇంగ్లీషు పాఠాలను పక్కన పెట్టండి. ‘మెనీ’కి చంద్, ‘మచ్’కి చెఘద్ర్ అని అవి నేర్పుతాయి. అది నిజమే కానీ, అలా వెళ్తే తెలుగులోంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషులోంచి ఫార్సీకి రెండు మలుపులు తిరగాలి. మనకు ‘ఎన్ని’, ‘ఎంత’ అనే జంట ఉంది. అది ఫార్సీ జంటకు చాలా దగ్గర. తేడా వచ్చేది కొన్ని చోట్లే. మీరు తప్పు చేసింది సరిగ్గా అలాంటి చోటే.

తెలుగులో నీళ్ళు, పాలు బహువచనాలు. అందుకే ‘ఎన్ని నీళ్ళు పొయ్యాలి?’, ‘ఎన్ని పాలు పోయించుకున్నావు?’ అని సహజంగా అనేస్తాం. ఆ ‘ఎన్ని’ మీ నోట్లో ‘చంద్’ అయింది. ఫార్సీలో ఆబ్ (నీళ్ళు), షీర్ (పాలు), బెరెంజ్ (బియ్యం) లెక్కపెట్టేవి కావు. వాటికి ‘చెఘద్ర్’ వాడాలి: ‘చెఘద్ర్ ఆబ్ బెరీజమ్?’ అంటే ఎన్ని నీళ్ళు పొయ్యమంటారు అని. మరి నీళ్ళతో ‘చంద్’ ఎప్పుడూ రాదా అంటే, మధ్యలో ఒక కొలత వస్తే వస్తుంది. ‘చంద్ లీవాన్ ఆబ్?’ అంటే ఎన్ని గ్లాసుల నీళ్ళు అని అర్థం. అక్కడ లెక్కపెడుతున్నది నీళ్ళను కాదు, గ్లాసులను.

రెండో చిక్కు దీనికి తిరగబడి వస్తుంది. తెలుగులో ‘ఎంత’ అనే చోట ఫార్సీ ‘చంద్’ అంటుంది. మనం ‘ఎంతమంది?’ అంటాం, వాళ్ళు ‘చంద్ నఫర్?’ అంటారు. మనం ‘వయసెంత?’ అంటే వాళ్ళు ‘చంద్ సాలెషె?’ (ఎన్నేళ్ళు తనకి?) అంటారు. ‘టైమెంత?’ అనడానికి ‘సాఅత్ చందె?’ అంటారు. ‘ఇదెంత?’ అని ధర అడగడానికీ ‘ఈన్ చందె?’ అనే అంటారు. కాబట్టి తెలుగు మాటను చూసి నిర్ణయించుకోకండి, రాబోయే జవాబును ఊహించుకోండి. జవాబు ఐదు, పన్నెండు, అరవై అని అంకెలో వచ్చేదైతే చంద్. కొంచెం, చాలా, ఇంత అని వచ్చేదైతే చెఘద్ర్. ధర దగ్గర మాత్రం ‘చెఘద్ర్ మీషె?’ (ఎంతవుతుంది?) అన్నా తప్పు లేదు, రెండూ వింటారు.

చెఘద్ర్‌ను వాళ్ళు మాటల్లో ‘చెఘద్’ అని మింగేస్తారు. ఆ ‘ఘ’ మన ఘ కాదు, గొంతు లోపలినుంచి రాపిడితో వస్తుంది. మీ కోడలు అంటున్నప్పుడు విని పట్టుకోండి, రాతలో చూసి నేర్చుకునేది కాదది. ఈ మాటకు ఒక కుటుంబం ఉంది. ఈన్‌ఘద్ర్ అంటే ఇంత, ఊన్‌ఘద్ర్ అంటే అంత. ఎంత, ఇంత, అంత మనకు ఎలా వరసగా ఉన్నాయో వాళ్ళకూ అలాగే ఉన్నాయి. పైగా మనం ‘ఎంత బావుందో!’ అని ఆశ్చర్యపోయినట్టే వాళ్ళూ ‘చెఘద్ర్ ఖొష్‌మజ్జస్త్!’ (ఎంత రుచిగా ఉందో!) అంటారు. మీ గోంగూర తిని మీ వియ్యపురాలు ఈ మాటంటే, ఎంత అని అడుగుతున్నారనుకుని కొలత చెప్పబోకండి.

చంద్‌లో ఇంకో సంగతి ఉంది. ఎన్ని అనడానికీ, కొన్ని అనడానికీ అదే మాట. ‘చంద్ రూజ్ మీమూనీమ్’ అంటే కొన్ని రోజులుంటాం. ‘చంద్ రూజ్ మీమూనీద్?’ అంటే ఎన్ని రోజులుంటారు? ప్రశ్న అని తెలిసేది గొంతు తీరును బట్టి, సందర్భాన్ని బట్టి. రోజు అనే మాట మనకు ఆ ‘రూజ్’ నుంచే వచ్చింది కాబట్టి దీన్ని మీరు మరిచిపోరు. అయితే ఈ ప్రశ్నను మీ వియ్యాలవారిని నేరుగా అడగకండి. ఎన్నాళ్ళుంటారు అని అడిగితే ఎప్పుడు వెళ్తారు అన్నట్టు ధ్వనించడం మనకెంతో వాళ్ళకూ అంతే. అడగక తప్పకపోతే వెంటనే ‘బీష్‌తర్ బెమూనీద్’ (ఇంకొన్నాళ్ళు ఉండండి) అని చేర్చండి.

ఇక మీ రెండో తప్పు. ఫార్సీలో అంకె వచ్చాక నామవాచకం ఏకవచనంలోనే ఉండాలి. ఒకటి కన్నా ఎక్కువ అని అంకే చెప్పేసింది కదా, మళ్ళీ ‘హా’ చేర్చి చెప్పడం దేనికి అన్నది ఆ భాష పద్ధతి. పుస్తకాలు అంటే కెతాబ్‌హా, కానీ పది పుస్తకాలు అంటే దహ్ కెతాబ్. చంద్ తర్వాత కూడా అంతే, చంద్ కెతాబ్? మనకు ‘పది పుస్తకం’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది కాబట్టి తెలుగువాళ్ళకు ఈ అలవాటు తొందరగా పట్టుబడదు.

దీన్ని గుర్తుంచుకోవడానికి మీరు హైదరాబాద్ దాటి వెళ్ళక్కర్లేదు. 1591లో కట్టిన చార్మినార్ పేరే చూడండి. చార్ అంటే నాలుగు, మినార్ అంటే ఒక మినారు. నాలుగు మినార్లున్నా పేరు చార్ మినార్. దాని పక్కనే ఉన్న నాలుగు కమానుల పేరు చార్ కమాన్. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరంలో చెహెల్ సొతూన్ అనే రాజభవనం ఉంది. చెహెల్ నలభై, సొతూన్ స్తంభం. పేరుకు నలభై అన్నారు కానీ, ముందరి మండపంలో ఉన్నవి ఇరవై కొయ్య స్తంభాలే. ఎదురుగా ఉన్న పొడవాటి కొలనులో వాటి నీడలు పడి నలభై అవుతాయని చెబుతారు. ఫార్సీలో నలభై అనేది ‘బోలెడు’ అనే అర్థంలో కూడా వస్తుంది. షాండ్లియర్‌ను ‘చెహెల్ చెరాఘ్’ అంటారు, నలభై దీపాలని. ఇంట్లో పిల్లాడిని కసిరేటప్పుడు మనం వందసార్లు చెప్పాను అంటాం, వాళ్ళూ ‘సద్ బార్ గొఫ్తమ్’ అంటారు, అక్కడా వందే.

అంకె లేకుండా మామూలుగా చెప్పినప్పుడు బహువచనం మళ్ళీ వచ్చేస్తుంది. పిల్లలు ఎక్కడ అనడానికి ‘బచ్చెహా కొజాన్?’ అంటారు. పిల్లలందరూ అనడానికి ‘హమెయె బచ్చెహా’. కానీ ‘హర్’ (ప్రతి) వస్తే మళ్ళీ ఏకవచనమే, హర్ బచ్చె. ఇది మన ‘ప్రతి పిల్ల’ లాంటిదే కాబట్టి ఇబ్బంది లేదు.

‘తా’ గురించి అడిగారు. అంకెకూ వస్తువుకూ మధ్య నిలబడే చిన్న మాట అది. దానికి విడిగా అర్థం వెతకొద్దు. తెలుగులో మనుషులను లెక్కపెట్టేటప్పుడు ‘పదిమంది’లో మంది ఎలా వచ్చి చేరుతుందో, ఫార్సీ మాటల్లో దాదాపు ప్రతి వస్తువుకూ తా అలా వచ్చి చేరుతుంది. దొ తా నూన్ (రెండు రొట్టెలు), పంజ్ తా సీబ్ (ఐదు యాపిల్స్), సె తా బచ్చె (ముగ్గురు పిల్లలు). పత్రికల్లో, పుస్తకాల్లో దాన్ని చాలావరకు వదిలేస్తారు. ఇంట్లో మాత్రం తా లేకుండా మాట్లాడితే వార్తలు చదువుతున్నట్టుంటుంది. అడగడానికీ అదే, చంద్ తా? చేత్తో ఏదైనా చూపించి ‘చంద్ తా?’ అంటే చాలు, పేరు కూడా చెప్పక్కర్లేదు.

మూడు చోట్ల తా రాదు. ఒకటి అనే అంకెతో మామూలుగా తా అనరు, ‘యె దూనె’ అంటారు, యె దూనె నూన్. రోజు, గంట, కిలో వంటి కొలతలతో రాదు, ‘దొ కీలో’ అనాలి కానీ ‘దొ తా కీలో’ అనకూడదు. నఫర్‌తో కూడా రాదు, ఎందుకంటే అది కూడా తా లాంటిదే, మనుషులకు ప్రత్యేకం. అతిథులు ఎంతమందో తెలుసుకోవాలంటే ‘చంద్ నఫరీద్?’ (మీరు ఎంతమంది?) అని అడగండి, ‘చాహార్ నఫరీమ్’ (మేం నలుగురం) అని జవాబు వస్తుంది. ఒంటెలను లెక్కపెట్టడానికీ నఫర్ వాడతారని చదివి నేర్చుకునేవాళ్ళు కంగారుపడుతుంటారు. వాడతారు, నిజమే. పుస్తకానికి జెల్ద్, పశువులకు రఅస్, తివాచీకి తఖ్తె, యంత్రానికి దస్త్‌గాహ్ అని ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. అవన్నీ ఆఫీసు కాగితాలకు, వ్యాపారానికి. సంక్రాంతికి మీకు వాటి అవసరం రాదు. ‘దస్తె’ ఒక్కటి నేర్చుకోండి, పూలగుత్తికి ‘యె దస్తె గోల్’ అంటారు. మన ‘దస్తా కాగితాలు’ ఆ మాటే.

ఇప్పుడు వంటింట్లోకి వద్దాం, మీకు నిజంగా పనికొచ్చేది ఇక్కడే. గ్లాసుడు నీళ్ళు అనడానికి ‘యె లీవాన్ ఆబ్’ అంటారు. లీవాన్‌కూ ఆబ్‌కూ మధ్య ఏమీ ఉండదు. మీ పాఠాల్లో రెండు మాటలను కలిపే ‘ఎ’ కారం గురించి చదివే ఉంటారు, కెతాబె మన్ (నా పుస్తకం) లాంటివి. దాన్ని ఇక్కడ పెడితే ‘లీవానె ఆబ్’ అవుతుంది, అది నీళ్ళ గ్లాసు. గ్లాసుడు నీళ్ళకూ నీళ్ళ గ్లాసుకూ తేడా తెలిసిన మనకు ఇది చెప్పించుకోవాల్సిన పని లేదు. గ్లాసుడు, చెంచాడు, గిన్నెడు అని మనం ‘డు’ చేర్చే ప్రతిచోటా ఫార్సీలో ‘ఎ’ వదిలెయ్యండి. యె ఘాషొఘ్ షెకర్, చెంచాడు పంచదార. యె ఎస్తెకాన్ చాయ్, చిన్న గాజు గ్లాసుడు టీ. బియ్యం పొయ్యి మీద పెట్టేముందు ‘చంద్ పెయ్‌మానె బెరెంజ్ బెజారమ్?’ అని మీ కోడలినే అడగండి. పెయ్‌మానె అంటే కొలత గిన్నె, ఇరాన్ ఇళ్ళలో బియ్యం దానితోనే కొలుస్తారు. తను ‘బరాయె చంద్ నఫర్?’ (ఎంతమందికి?) అని ఎదురు ప్రశ్న వేస్తుంది.

అర, సగం కూడా మనకున్నట్టే వాళ్ళకూ వేరువేరు. కొలతలో అరకు నీమ్, నీమ్ కీలో అంటే అరకిలో. ఉన్నదాంట్లో సగానికి నెస్ఫ్, ‘నెస్ఫె ఈన్’ అంటే ఇందులో సగం. రెండున్నర కిలోలు అనడానికి ‘దొ కీలో వొ నీమ్’.

టీ దగ్గర ఒక మాట. ఇరాన్‌లో చాలామంది టీలో పంచదార కలుపుకోరు. ఘంద్ అనే పంచదార బిళ్ళను పళ్ళ మధ్య పెట్టుకుని టీ తాగుతారు. అందుకని ముందు కలిపేసి ఇవ్వకండి. విడిగా పెట్టి ‘చంద్ తా ఘంద్ మెయ్ల్ దారీద్?’ అనండి. ‘మెయ్ల్ దారీద్’ అనేది ‘పుచ్చుకుంటారా’ వంటి మర్యాద మాట. వియ్యాలవారితో ఎప్పుడూ ‘షొమా’యే (మీరు), ‘తొ’ (నువ్వు) అసలు వద్దు.

వడ్డనలో మాత్రం లెక్క అడగకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఇరాన్‌లో తఆరొఫ్ అనే మర్యాద పద్ధతి ఉంది. అతిథి మొదటిసారి వద్దంటారు, ఇంటివాళ్ళు మళ్ళీ అడుగుతారు, అప్పుడు పుచ్చుకుంటారు. ‘చంద్ తా?’ అని నిలదీస్తే ఆవిడ మొహమాటపడి ‘యె దూనె’ (ఒక్కటి) అనేస్తారు, సగం ఆకలితో లేస్తారు. మనం ‘ఇంకొక్కటి వేసుకోండి’ అన్నట్టే ‘యె దూనె దీగె బెఫర్మాయీద్’ అనండి. అన్నం, కూర అయితే ‘యె కమ్ దీగె’ (ఇంకొంచెం). దీగె అంటే ఇంకా. ఆవిడ ‘బసె’ అంటే ‘చాలు’ అని అర్థం. ‘దస్తె షొమా దర్ద్ నకొనె’ అంటే ధన్యవాదాలు. వీటిని విన్నాక కూడా ఇంకోసారి అడగొచ్చు. ‘సీర్ షొదమ్’ అంటే మాత్రం కడుపు నిండిపోయిందని, గరిటె కిందపెట్టెయ్యండి. సీర్ అంటే వెల్లుల్లి కూడా, ఆ మాట వినగానే వెల్లుల్లి అడుగుతున్నారనుకోకండి.

ఉప్పు గురించి మీరే అడగాలి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. ‘నమకెష్ కమె?’ అంటే ఉప్పు తక్కువైందా? ‘నమకెష్ జియాదె?’ అంటే ఎక్కువైందా? సరిపోతే ‘అందాజస్’ అంటారు. మనకు అందాజుగా అంటే ఉజ్జాయింపుగా కదా. ఆ మాట వాళ్ళదే, కానీ అక్కడ దానర్థం కొలత. ‘అందాజస్’ అంటే కొలిచి వేసినట్టు సరిగ్గా ఉందని మెచ్చుకోవడం, సంతోషించండి. ఎక్కువ తక్కువల్లో ‘ఖెయ్లీ’ కూడా నేర్చుకోండి. మన ‘చాలా’ చేసే పనులన్నీ అది చేస్తుంది. ఖెయ్లీ ఖూబ్ అంటే చాలా బాగుంది, ఖెయ్లీ కార్ దారమ్ అంటే చాలా పని ఉంది. దాని తర్వాత కూడా ఎక్కువగా ఏకవచనమే వస్తుంది. అసలేమీ వద్దు అనడానికి ‘హీచీ నెమీఖామ్’, మన ‘ఏమీ వద్దు’లో లాగే చివర వ్యతిరేక క్రియ తప్పనిసరి.

ఉజ్జాయింపు లెక్కలు మీకు నేర్పించక్కర్లేదు. ‘దొ సె తా’ అంటే రెండు మూడు. ‘దహ్ దవాజ్‌దహ్ తా’ అంటే పది పన్నెండు, మనలాగే పదకొండును వదిలేస్తారు. ‘ఓ ఐదారు’ అనడానికి ‘యె పంజ్ షీష్ తా’. ఆ ముందున్న ‘యె’ అచ్చంగా మన ‘ఓ’ చేసే పనే చేస్తుంది. తెలుగు వచ్చినవాళ్ళకు ఇంత తేలిగ్గా వచ్చే ఫార్సీ వాక్యం ఇంకోటి లేదేమో.

‘ఎన్నో’ అని వరసను అడగడానికి ‘చందొమ్’. ఇంగ్లీషులో దీనికి ఒక్క మాటలో సరిపోయేది లేక పాఠాల్లో మెలికలు తిప్పి వివరిస్తారు, మనకు ఆ అవస్థ లేదు. ‘ఎమ్రూజ్ చందొమె?’ అంటే ఇవాళ ఎన్నో తారీఖు? ‘తబఘెయె చందొమ్?’ అంటే ఎన్నో అంతస్తు? అయితే తారీఖు అడిగినప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. వాళ్ళ కేలండర్ వేరు, సంవత్సరం మార్చిలో నౌరూజ్‌తో మొదలవుతుంది. తిరుగు ప్రయాణం టికెట్ల సంగతి మాట్లాడేటప్పుడు జనవరి అని నెల పేరు కూడా కలిపి చెప్పండి.

ఇక చీరల కొట్టు. ధర అడగడానికి ‘ఈన్ చందె?’ అని ఆవిడ అంటారు. దేనికెంత అని అడగాలంటే కొలత మాటకు ‘ఈ’ చేరుస్తారు. కీలోయీ చంద్? (కిలో ఎంత?) మెత్రీ చంద్? (మీటరు ఎంత?) దూనెయీ చంద్? (ఒక్కోటి ఎంత?) మీరు రూపాయల్లో జవాబు చెబితే ఆవిడ తమ డబ్బులోకి మార్చుకుని చూస్తారు. అక్కడ రాసేది రియాల్‌లో, నోటితో చెప్పేది తూమాన్‌లో, ఒక తూమాన్ పది రియాల్. వేలను నోటి మాటలో మింగేసి ‘పంజాహ్ తూమాన్’ అంటే యాభై వేల తూమాన్‌లు అని అర్థం చేసుకోవడమూ మామూలే. కాబట్టి ఆవిడ ‘మా దగ్గర ఇంత’ అని చెప్పే లెక్కల్లోకి మీరు దిగకండి, కోడలికి వదిలెయ్యండి.

వేల వరకు మీ అంకెలు చాలు. ఆరువేల ఐదువందలు అంటే ‘షీష్ హెజార్ వొ పూన్‌సద్’. లక్ష దగ్గర జాగ్రత్త. ఇరాన్ వాళ్ళకు లక్ష అనే లెక్క లేదు, ‘సద్ హెజార్’ (వంద వేలు) అనాలి. పది లక్షలు అయితే ‘యెక్ మీలియూన్’. కోటి అని హిందీ పద్ధతిలో ‘కరోడ్’ అనడం ఇంకా ప్రమాదం. పాత ఇరాన్‌లో ‘కొరూర్’ అనే లెక్క ఉండేది కానీ, అది మన కోటి కాదు, ఐదు లక్షలు. 1828లో రష్యాతో యుద్ధంలో ఓడి తుర్కమన్‌చాయ్ సంధి చేసుకున్నప్పుడు ఇరాన్ కట్టాల్సిన పరిహారం పది కొరూర్ తూమాన్‌లు. అంటే యాభై లక్షలు, మన లెక్కన పది కోట్లు కాదు. ఇల్లు, పొలం ధరల మాట వస్తే మీ వియ్యంకుడు గారికి నోటితో చెప్పకుండా ఫోన్‌లో అంకెలు కొట్టి సున్నాలతో సహా చూపించండి.

వాళ్ళు వచ్చేలోపు రోజూ వీడియో కాల్‌లో మీ కోడలిని రెండే రకాల ప్రశ్నలు అడుగుతూ ఉండండి. ఒకటి ‘చంద్ తా’తో, ఒకటి ‘చెఘద్’తో. ఇవాళ ఎన్ని గుడ్లు కొన్నావు (చంద్ తా తొఖ్మె మొర్ఘ్ ఖరీదీ?), కూరలో నూనె ఎంత పోశావు (చెఘద్ రోఘన్ రీఖ్తీ?) లాంటివి. ఆ అమ్మాయి కోడలు కాబట్టి ఇక్కడ ‘తొ’ రూపాలు వాడొచ్చు, అందుకే క్రియ చివర ‘ఈ’ పెట్టాను. ఇవే ప్రశ్నలు వియ్యపురాలిని అడిగేటప్పుడు ఖరీదీద్, రీఖ్తీద్ అని మార్చుకోండి.